గయలో మామయ్య పేరు

మా పెద్ద మామయ్య సాంవత్సరికం ముగిసిన తరువాత, అత్తయ్య కోరిక మీద మేమందరం కాశీకి, అక్కడి నుంచి గయకు వెళ్లాం. గంగాస్నానం, విశ్వేశ్వర దర్శనం చేసుకుని, సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న గయకు రోడ్డు మార్గాన బయలుదేరాం. బావలిద్దరూ, వారి భార్యాబిడ్డలూ కాక మామయ్య బాల్యమిత్రుడు కూడా మాతో వచ్చారు. ఆయనను బావలు బాబాయి అంటారు. వారిని చూసి నాకూ అదే పిలుపు అలవాటైంది. ఏ చుట్టరికమూ లేని మనిషి పితృకార్యానికి రావడం ఎందుకని బంధువుల్లో ఒకరిద్దరు అడిగితే, ఆయన రాకపోతే తానూ వెళ్లనని అత్తయ్య తేల్చి చెప్పారు.

దారి పొడవునా మామయ్య మాటలే. పదో తరగతి ఫలితాలు పత్రికలో నంబర్లుగా అచ్చయ్యే రోజుల్లో ఆయన వీధిలోని పిల్లలందరి నంబర్లూ ఒక కాగితం మీద రాసుకుని, తెల్లవారకముందే బస్టాండుకు వెళ్లి పత్రిక తెచ్చేవారు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. కానీ నంబరు కనిపించని పిల్లవాడి ఇంటికే ముందుగా వెళ్లేవారనీ, ఆ కబురు మరెవరి నోటా వినవలసిన అవసరం లేకుండా తానే చెప్పి, తిరిగి పరీక్షకు ఫీజు ఎప్పుడు కట్టాలో కూడా చెప్పి వచ్చేవారనీ బాబాయి చెప్పినప్పుడు, కొడుకులిద్దరూ కొత్త మనిషి గురించి వింటున్నట్టు విన్నారు. ఇలాంటివి బాబాయి దగ్గర ఎన్నో ఉన్నాయి. ఆయనను వెంట తెచ్చుకోవడం ఎంత అవసరమో నాకు అప్పుడు అర్థమైంది.

గయలో తీర్థవిధులు జరిపించే గయావళ పండాలు, తమ దగ్గరకు వచ్చిన యాత్రికుల పేర్లూ ఊళ్లూ తరతరాలుగా పుస్తకాల్లో రాసి ఉంచుతారు. మా జిల్లా పుస్తకం తెరిచి చాలాసేపు వెతికిన మీదట, మామయ్య ఎన్నో ఏళ్ల క్రితం తాతయ్య కోసం వచ్చినప్పుడు స్వహస్తాలతో రాసిన పుట దొరికింది. అదే గుండ్రని చేవ్రాత. మామయ్య ఎవరెవరికి పిండాలు పెట్టారో ఆ పేర్లలో తాతయ్య పేరు, ముత్తాత పేరు, వాటి కింద బాబాయి తండ్రిగారి పేరు ఉన్నాయి. బాబాయి ఆ అక్షరాల మీద వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదువుకున్నారు. "ఒక్కసారి కూడా నాతో అనలేదమ్మా" అని అత్తయ్యతో అన్నారు. అత్తయ్యకూ ఆ విషయం తెలియదు.

మరునాడు ఫల్గుణీ నది ఒడ్డున సంకల్పం చెప్పేటప్పుడు గోత్రాలు వేరని పురోహితులు గమనించారు. బాబాయి కూడా మామయ్యకు పిండం పెట్టవచ్చునా అని పెద్ద బావ సందేహంగా అడిగాడు. గయలో కొడుకే పెట్టాలన్న నియమం లేదనీ, ఎవరు ఎవరి పేరు తలచి పెట్టినా వారికి చెందుతుందని పురాణం చెబుతున్నదనీ, మిత్రులకూ, దిక్కులేని వారికీ కూడా ఇక్కడ పిండాలు పెడతారనీ ఆయన ఓపికగా వివరించారు. ఆ ఒడ్డున చెప్పుకునే సీతమ్మ కథ కూడా ఇదే కదా. రాముడు సామగ్రి కోసం వెళ్లిన సమయంలో దశరథుడు చేయి చాపితే, కోడలైన సీత ఇసుకతోనే పిండం పెట్టింది. దానికి సాక్షిగా నిలబడి అబద్ధమాడినందుకు ఫల్గుణి ఇసుక కింద ప్రవహించేలా శాపం పొందింది, నిజం చెప్పిన మర్రిచెట్టు అక్షయవటమైంది. పెట్టే చేతికి చుట్టరికం కన్నా ప్రేమ ముఖ్యమని నమ్మే నాకు, ఈ కథ వెలసిన చోటే బాబాయి దర్భలు పట్టుకుని కూర్చోవడం ఎంతో సబబుగా తోచింది.

విష్ణుపాద ఆలయాన్ని 1787లో అహల్యాబాయి హోల్కర్ పునర్నిర్మించారు. నల్లరాతి స్తంభాల మధ్య జనం ఒత్తిడిలో, వెండి తొడుగు ఉన్న అష్టకోణపు తొట్టిలోని పాదముద్ర మీద పిండాలు సమర్పించి, ఎక్కువసేపు నిలవకుండానే బయటికి వచ్చాం.

అక్షయవటం కింద చివరి పిండాలు పెట్టాక, ఇష్టమైన కూరనో పండునో విడిచిపెట్టడం మనవారి ఆచారం. అత్తయ్య సీతాఫలం వదిలారు. ప్రతి శీతాకాలం ఆ పళ్లను ముగ్గబెట్టి, పండినవి పండినట్టు ఏరి ఆమె చేతికిచ్చేది మామయ్యేనని ఆమె చెప్పేవరకు మాకు తెలియదు.

ఆ చెట్టు కిందనే పండాగారు యాత్ర ఫలించిందని సుఫలం పలికి దీవిస్తారు. బావలిద్దరి తరువాత పెద్ద బావ బాబాయిని ముందుకు తీసుకువచ్చి, ఆయనకూ సుఫలం పలకమని కోరాడు. దీవెన అయ్యాక పుస్తకంలో రాసుకోవడానికి పండాగారు బాబాయి ఊరూ తండ్రి పేరూ అడిగారు. తండ్రి పేరు ఆ పుటలో ఇదివరకే ఉందని, దాని పక్కనే వీరి పేరు రాయమని పెద్ద బావే జవాబు చెప్పాడు.