గజ్జల్లో బిళ్ళ

పోయిన కార్తీకంలో, పరకాల దగ్గర మా చేనులో పత్తి ఏరి గట్టు దిగుతుంటే కుడి పాదంలో తుమ్మముల్లు దిగింది. పిన్నీసుతో తీశాను. మొన లోపలే ఉండిపోయిందని తెలియలేదు. పసుపు అద్ది మళ్ళీ పనిలో పడ్డాను. మూడో రోజుకు పాదం ఎర్రగా పొంగింది, రాత్రంతా సలుపు. మర్నాడు చలిజ్వరం. అప్పుడే కుడి గజ్జల్లో రేగుపండంత బిళ్ళ చేతికి తగిలింది. ముట్టుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముల్లు పాదంలో దిగితే బిళ్ళ గజ్జల్లో ఎందుకు? క్యాన్సర్ గడ్డేమోనని టెన్షన్‌తో అన్నం సహించలేదు. "ముల్లు ఇరిగితే బిళ్ళ కట్టుడు మామూలే బిడ్డా" అని అవ్వ అంటూనే ఉంది. భయంలో ఆ మాట చెవికెక్కలేదు.

హన్మకొండలో డాక్టరమ్మ రక్త పరీక్ష చేయించింది. తెల్లకణాలు 18,200. మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి. పెరిగినవాటిలో ఎక్కువ న్యూట్రోఫిల్స్. ఎముకల మూలుగలో పుట్టి రక్తంలో తిరుగుతూ, గాయమైన చోటికి ముందుగా చేరేవి అవేనట. సూక్ష్మజీవులను మింగి అక్కడే చనిపోతాయి. చిన్న కోత పెట్టి చీము తీసినప్పుడు, అందులో చాలావరకు అవేనని చెప్పింది. ఆ దూది చూసి నాకు అసహ్యం వేయలేదు. చీముతో పాటే ముల్లు మొన వచ్చింది, వడ్లగింజలో సగం కూడా లేదు.

బిళ్ళ అంటే లింఫు గ్రంథి. ఇలాంటివి ఒంట్లో కొన్ని వందలున్నాయి. కాలి నుంచి పైకెళ్ళే లింఫు ద్రవం, అంటే కణాల మధ్య చేరే పల్చటి నీరు, గజ్జల్లోని గ్రంథుల్లో వడకట్టుకుని పోతుంది. డెండ్రైటిక్ కణాలనే కాపలా కణాలు సూక్ష్మజీవి ముక్కలను ఆ దారినే మోసుకొచ్చి, తెల్లకణాల్లోనే మరో రకమైన టీ కణాలకు చూపిస్తాయి. ఆ ముక్కను గుర్తుపట్టిన కణాలు అక్కడే విపరీతంగా పెరుగుతాయి, అందుకే ఉబ్బు. నేను గడ్డ అనుకుని వణికిపోయింది దాన్ని చూసే!

మంచం మీద ఉన్నప్పుడు చదివాను. 1882లో మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త సముద్ర నక్షత్రం లార్వాలో (పిల్ల దశలో ఉన్న జీవిలో) గులాబీ ముల్లు గుచ్చితే, తెల్లారేసరికి దాని చుట్టూ కణాలు మూగాయట. ఆ దారిలో చేసిన పరిశోధనకు 1908లో నోబెల్ వచ్చింది. అది చదివి నా కట్టు వైపు చాలాసేపు చూశాను.

ధనుర్వాతం ఇంజెక్షన్, వారం రోజులు యాంటీబయాటిక్. జ్వరం రెండు రోజుల్లోనే తగ్గింది. బిళ్ళకు మాత్రం నెల దాటింది. రేగుపండంతది శనగగింజంత అయింది. అవ్వ రోజూ పొద్దున్నే "తగ్గిందా బిడ్డా" అని అడిగేది. సంక్రాంతినాడు వేలితో ఎంత వెతికినా దొరకలేదు.