రామప్ప దారిలో మేరీ పాటలు

మే నెల ఎండల్లో రామప్పకు ఎందుకని ఇంట్లో అందరూ అన్నారు కానీ, అన్నకు సెలవు దొరికింది అప్పుడే. పొద్దున ఆరింటికి హనుమకొండ బస్టాండులో ములుగు బస్సెక్కాం. ములుగు దాటాక సిగ్నల్ సరిగా ఉండదని రాత్రే స్వీడన్ గాయని మేరీ ఫ్రెడ్రిక్సన్ సోలో పాటలన్నీ ఫోన్‌లో దించుకుని పెట్టుకున్నాను, ఇయర్‌ఫోన్స్ చెరొకటి.

మేరీ, పేర్ గెస్లే కలిసి పాడిన స్వీడన్ పాప్ జంట రాక్సెట్ అంటే మా ఇంట్లో అన్నకే పిచ్చి. వాళ్ల 'జాయ్‌రైడ్' క్యాసెట్ టేపు సాగిపోయేదాకా విన్నాడు. ఎక్కువ పాటలు రాసింది పేర్ గెస్లే, మనసును పట్టుకున్న గొంతు మాత్రం మేరీది. అయినా ఇన్నేళ్లుగా ఆ గొంతును ప్రేమించిన మా అన్నకే ఆమె విడిగా పాడిందని తెలియదు, అది నాకు చాలా బాధనిపించింది.

"జంట విడిపోయినంక పాడిందా ఇవి?" అన్నాడు ఆత్మకూరు దాటుతుంటే.

కాదన్నా, రాక్సెట్ పుట్టింది 1986లో, ఆమె మొదటి సోలో ఆల్బమ్ 'హెట్ విండ్' 1984లోనే వచ్చింది, అంటే వేడి గాలి అని చెప్పాను. కిటికీలోంచి కొడుతున్నదీ అదే. ప్రపంచమంతా ఇంగ్లీషులో పాడి, అమెరికాలో నాలుగు పాటలు మొదటి స్థానానికి చేరిన మనిషి, తన పేరు మీద పాడాలనుకున్నప్పుడల్లా చాలా ఏళ్లపాటు తల్లిభాష స్వీడిష్‌లోనే పాడింది. రాక్సెట్ పేరు మోగిపోతున్న రోజుల్లోనే, 1992లో, 'డెన్ స్టెండిగా రేసన్' తెచ్చింది, ఆగని ప్రయాణం అని అర్థం. మా యాసలో మాట్లాడుకునే ఇల్లు కాబట్టేమో, ఆమె ఎందుకలా చేసిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదనిపిస్తుంది.

జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగి ఆటో మాట్లాడుకుని పాలంపేట చేరేసరికి తొమ్మిదైంది. 1213 నాటి గుడి, కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, లోపలున్నది రుద్రేశ్వరుడు, కానీ జనం నోట నిలిచింది శిల్పి రామప్ప పేరే అంటారు. నల్లరాతి నాగిని ముందు అన్న చాలాసేపు నిలబడ్డాడు. గైడు పొన్నచెట్టు కింది కృష్ణుడి శిల్పాన్ని వేలితో మెల్లగా తట్టి సరిగమలు వినిపిస్తే చెవి ఆనించి మరీ విన్నాడు.

మధ్యాహ్నం చెరువుకట్ట మీద చెట్టు నీడన టిఫిన్ డబ్బా విప్పాం, సద్దరొట్టె, మామిడికాయ తొక్కు. అక్కడ 'ది చేంజ్' పెట్టాను. 2002లో ఆమె తలలో కణితి బయటపడింది. చికిత్స తర్వాత కుడికన్ను చూపు పోయింది, కొంతకాలం చదవడం, లెక్కపెట్టడం కూడా రాలేదు. అలాంటి స్థితిలోంచి లేచి, భర్త మికాయెల్ బోల్యోస్‌తో కలిసి 2004లో చేసిన ఆల్బమ్ అది, సోలోగా ఇంగ్లీషులో ఆమెకదే మొదటిది. ఆ గొంతులో అలసట వినిపిస్తుంది, దాన్ని ఆమె దాచలేదు, నాకు ఆమె పాటలన్నిటిలో అవే ఎక్కువ ఇష్టం. 2019 డిసెంబర్‌లో పోయింది, 61 ఏళ్లకు.

అన్న రొట్టె పక్కన పెట్టేశాడు. కాసేపాగి, "ఆమె భాషల పాడింది పెట్టురా" అన్నాడు.

'స్పార్వోగా' పెట్టాను, 1989లో అక్కడి టీవీ సీరియల్ కోసం పాడింది. పిచ్చుక కన్ను అని అర్థం చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. పాట అయిపోయాక మళ్లీ పెట్టమన్నాడు. నాలుగుసార్లు విన్నాం, ఆటో అతను వచ్చి పిలిచేదాకా.