గసగసాల్లేని మసాలా

రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. రేపు రాత్రి శంషాబాద్‌లో దుబాయ్ విమానం ఎక్కే అన్న చేతికి, అక్కడ పనిచేసే తమ్ముడి పార్శిల్ ఇవ్వాలి. అమ్మ మసాలా పొడి ఈసారీ పోవట్లేదు, అందులో గసగసాలున్నాయి. మన కిరాణాలో పొట్లం కట్టిచ్చే గసగసాలు దుబాయ్‌లో మత్తుపదార్థం కింద లెక్క. "పొడి చేసినంక ఎవలకు తెలుస్తది?" అంటుంది పెద్దమ్మ. పట్టుబడితే కేసు మోసేవాడి మీద కదా! నడుంనొప్పి గోళీలూ తీసేశా. ట్రమడాల్ ఉన్నవైనా, కోడీన్ ఉన్న దగ్గుమందైనా అక్కడ ముందు అనుమతి తీసుకోవాల్సిందే. డబ్బాకి టేపు వేయలేదు, ఆ అన్న ముందే తెరిచి చూపిస్తా. కుట్టేసిన సంచి ఎవరిచ్చినా ఎవరూ తీసుకోవద్దు.

పోయేవి సకినాలు. వానాకాలం వీటితో గోస. చుట్టి బట్ట మీద వేస్తే తడి తొందరగా గుంజదు. పచ్చిగా నూనెలో వేస్తే పేలతాయి, మరీ ఆరితే బట్ట మీంచి తీస్తుంటేనే విరుగుతాయి. స్టీలు డబ్బాలో పడుకోబెట్టి, వరసల మధ్య కాగితం వేసి, మూత కింద ఖాళీ లేకుండా మెత్తటి గుడ్డ కుక్కాను. ఆ ఖాళీ ఉంటేనే కదిలి పొడైపోతాయి. రాఖీ ఆ గుడ్డ మడతలో ఉంది.

అసలు చిరాకు వేరే. చుట్టాలందరిదీ ఒకటే పాట, "వాట్సాప్‌ల వీడియో కాల్ చెయ్యరాదు?" అని. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశంలో వాట్సాప్ మెసేజ్ పోతుంది, వాయిస్ మెసేజ్ పోతుంది, కాల్ కలవదు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే దిక్కు. ఇవాళ చిన్నాన్న కొడుకు ఏకంగా తమ్ముడికే వీపీఎన్, అంటే ఆపేసిన కాల్‌ని దొడ్డిదారిన కలిపే యాప్, వేసుకోమని రాశాడు! చట్టం కాదన్న పనికి వీపీఎన్ వాడితే అక్కడ జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలు. సలహా ఇచ్చినోడు కడతాడా?

మాట్లాడే వేళ కూడా ఇరుకే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అక్కడ ఎండలో పని మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఆపాలి. అంటే మనకి 2 నుంచి 4:30. అందులోనే వాడు తినాలి, నడుం వాల్చాలి. ఇవాళ కాల్ రాలేదు, వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒళ్లు మండింది. వినేసి వదిలేయడానికి ఇదేమన్నా వార్తలా!

మామ మస్కట్‌లో ఉన్నప్పుడు క్యాసెట్లు వచ్చేవి, సెలవు మీద వచ్చేవాళ్ల పెట్టెల్లో. అరవై నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు ముప్ఫై. ఒక వైపు ఇంటిల్లిపాదికీ, రెండో వైపు అమ్మమ్మకి ఒక్కదానికే. జవాబు దాని మీదే రికార్డు చేసి పంపడం వాడుక, అప్పుడు మామ గొంతు చెరిగిపోయేది. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి, ఒక్కో వైపుకి ఒకటి. విరిస్తే ఆ వైపు మళ్లీ రికార్డు కాదు. ఎవరు చెప్పారో గానీ, అమ్మమ్మ పిన్నీసుతో రెండూ పీకేసింది. జవాబుకి తాత కొత్త క్యాసెట్ కొనాల్సొచ్చింది.

ఇది గుర్తొచ్చాక ఆ మెసేజ్ మళ్లీ విన్నాను. వెనక ఎవరో అన్నం గిన్నె గీకుతున్న చప్పుడు, వీడు "అక్కా, తిన్నవా" అని నమలుతూనే అడుగుతున్నాడు. కాల్ పెట్టేశాక ఇదేదీ మిగలదు. పోనీ, వాయిస్ మెసేజ్‌లే పంపనీ. ఫోన్ మార్చినప్పుడు పోకుండా ఒక్కోటీ నొక్కిపట్టి, షేర్ కొట్టి, డ్రైవ్‌లో వేస్తున్నా.

రాఖీ రోజు మాత్రం ఒప్పుకోను, వాడు తెర మీద కనబడాలి. మన 2:15కి బోటిమ్‌లో చెయ్యమని రాశా. డబ్బాలో పై వరస ముక్కలైతే ఫొటో పెట్టమన్నా. గుడ్డ సరిపోయిందో లేదో తెలియాలి.