టీపాయ్‌కి చైనా చట్రం, మాధవమాల చెక్కడం

రెండు దేశాల పనితనం ఒకే సామానులో కనబడాలని అడిగేవాళ్లు సాధారణంగా బొమ్మలు కలపమంటారు. డ్రాగన్ పక్కన హంస, హంస పక్కన కాశ్మీరు చినార్ ఆకు. చూస్తే శుభలేఖ అచ్చు వేసినట్టుంటుంది. దానికన్నా అతుకు ఒకరి దగ్గర, చెక్కడం ఇంకొకరి దగ్గర తీసుకుంటే మేలు. ఏర్పేడు దగ్గరి మాధవమాలలో చెయ్యి తిరిగింది దేవుడి బొమ్మలకు, వాహనాలకు. లోతుగా తీస్తారు. పాత చైనా బల్లల బలమంతా చట్రంలో ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

చెక్క టేకు చాలు. చైనావాళ్లు రాజుల కొలువులకు వాడిన జిటాన్ మన శేషాచలం ఎర్రచందనమే, నిజమే. కానీ పట్టా భూమిలో పెరిగిన చెట్టుకైనా అటవీశాఖ అనుమతి కావాలి. కాగితాల్లేని ముక్క ఎంత చవగ్గా వచ్చినా తాకొద్దు.

టీపాయ్ 900 × 450 మి.మీ. అనుకుందాం. చుట్టూ 65 వెడల్పు, 28 మందం చట్రం. మూలలు 45 డిగ్రీల కోత, లోపల కూసం (ఒక ముక్క చివర తీసిన కొస), అది దూరే బెజ్జం. మధ్యలో 12 మి.మీ. పలక. పలక అంచు, అంటే నాలుక, చట్రం గాడిలో కూర్చుంటుంది, జిగురు మాత్రం వెయ్యరు. కిటుకంతా ఇక్కడే ఉంది. తిరుపతిలో మే నెల ఎండ 40 దాటుతుంది, నవంబరు వానల్లో తలుపులు బిగుసుకుంటాయి. చెక్కలో తేమ 8 శాతం నుంచి 14కి పెరిగితే, అడ్డంగా 330 మి.మీ. ఉన్న టేకు పలక 3 నుంచి 4 మి.మీ. ఉబ్బుతుంది. పొడుగున కదలిక లెక్కలోకి రాదు. జిగురుతో బిగిస్తే ఆ ఉబ్బు మూలల్ని తోస్తుంది. 'కూసాలు కదిలాయి' అని ఊరికే అనరు.

గాడి లోతు 10 మి.మీ. తియ్యండి. ఎండాకాలంలో చేస్తుంటే పలక నాలుక 7 మి.మీ. మాత్రమే లోపలికి పోవాలి, రెండు పక్కలా మూడేసి ఖాళీ. వానాకాలంలో చేస్తుంటే ఒక్కో మి.మీ. చాలు, ఇక మిగిలింది కుంచించుకోవడమే. పలక కింద అడ్డంగా ఒక పట్టీని డవ్‌టెయిల్ గాడిలో (నోరు ఇరుకు, లోపల వెడల్పు) దూర్చితే పలక వంగదు, దాని మీదే జారుతుంది. దానికీ జిగురు వద్దు.

చెక్కడం పైన పెట్టకండి. టీ ఒలికితే సందుల్లో చేరుతుంది, తుడవలేరు. దేవుడి బొమ్మ అసలే వద్దు, కాళ్లు తగిలే ఎత్తులో ఎవరూ ఒప్పుకోరు. కాళ్ల మధ్య కింది పట్టీ మీద లత, హంసలు బాగుంటాయి. పట్టీ 90 వెడల్పు, 25 మందం. చెక్కడం లోతు 8 మి.మీ. మించకూడదు. అటూ ఇటూ కూసం దగ్గర 40 మి.మీ. నున్నగా వదిలెయ్యాలి, బలం అక్కడ కావాలి.

ముందు అతుకులన్నీ కోసి, జిగురు లేకుండా బిగించి చూసి, విప్పి, తర్వాత చెక్కాలి. ముందే చెక్కేస్తే బెంచీకి బిగించేటప్పుడు ఆకుల అంచులు నలుగుతాయి.

హంస ముక్కు దగ్గర జాగ్రత్త. పట్టీలో నార, అంటే చెక్క పోగులు, పొడుగునా పోతుంది. ముక్కు పైకి చూస్తే అది నారకు అడ్డం తిరిగిన సన్నని పుల్ల, సుత్తి దెబ్బ తగలకపోయినా రెండో రోజు తుడిచేటప్పుడు టక్కుమంటుంది. ముక్కును పక్కకు తిప్పండి, లేదా లత కాడకు ఆనించండి. ఆకు వంపు తిరిగే చోట నార కూడా ఎదురొస్తుంది, ఉలి లాగేస్తుంది. అక్కడ ఆగి అవతలి వైపు నుంచి రావాలి. విరిగిన పెళ్లల్ని సాయంత్రం దాకా పారెయ్యకండి, అదే ముక్క అతికిస్తే గీత కనబడదు. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, ఉలి పదును తొందరగా పోతుంది, మాటిమాటికీ తోలు మీద రుద్దుకోవాలి. ఉప్పు కాగితం (శాండ్‌పేపర్) పట్టాక మళ్లీ ఉలి పెడితే మాత్రం చెక్కలో మిగిలిన కాగితం రేణువులు అంచును తినేస్తాయి.

టేకులో నూనె ఉంటుంది కాబట్టి కూసం మీద ఫెవికాల్ వేసే ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి. లేకపోతే ఆరినట్టే కనిపిస్తుంది, ఏడాదికి ఊడుతుంది.

పాలిష్ పలచటి లక్కది, మూడు పూతలు, ఆపైన మైనం. మెలమైన్ పాలిష్ మందంగా కొడితే ఈకల గీతలన్నీ పూడిపోతాయి, బొమ్మ ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. పలకకు మాత్రం చట్రంలో దూర్చక ముందే, నాలుకతో సహా పాలిష్ పట్టాలి. బిగించాక పడితే మే నెలలో పలక కుంచించుకున్నప్పుడు గాడి పక్కనే పాలిష్ లేని తెల్లటి గీత బయటపడుతుంది.