అతి పెద్ద విలువ ఎంత అని కాదు, ఎక్కడ అని అడగాలి

యంత్రాల కంపనాల రికార్డింగులను విశ్లేషించడం నా పని. ఒక్కో ఫైలులో లక్షల విలువలుంటాయి. వాటిలో అతి పెద్దది ఎంతో తెలిస్తే సరిపోదు, అది ఏ క్షణంలో ఏ సెన్సారులో నమోదైందో తెలియాలి. అందుకే పైథాన్ భాషలో సంఖ్యల పట్టికలతో పనిచేసే లైబ్రరీ నమ్‌పైలో నేను అతి పెద్ద విలువనిచ్చే మ్యాక్స్ కంటే దాని స్థానాన్నిచ్చే ఆర్గ్‌మ్యాక్స్‌నే ఎక్కువగా వాడతాను. స్థానం తెలిస్తే విలువ ఎలాగూ చేతికొస్తుంది. మ్యాట్‌ల్యాబ్ అనే గణన సాఫ్ట్‌వేర్‌లోనైతే మ్యాక్స్ ఒక్కటే రెండింటినీ ఇస్తుంది.

నమ్‌పై, మ్యాట్‌ల్యాబ్‌ల ఫలితాలు పోల్చేటప్పుడు మాత్రం లెక్కింపు గుర్తుంచుకోవాలి. 3 అడ్డువరుసలు, 4 నిలువు వరుసల పట్టికలో రెండో అడ్డువరుస, మూడో నిలువు వరుసలో ఉన్న విలువకు నమ్‌పై ఇచ్చే స్థానం 6, మ్యాట్‌ల్యాబ్ ఇచ్చే వరుస స్థానం 8. మొదటిది సున్నా నుంచి అడ్డంగా లెక్కిస్తుంది, రెండోది ఒకటి నుంచి నిలువుగా.

పది పెద్ద విలువలు కావాలంటే చాలామంది అరే (విలువల వరుస) మొత్తాన్నీ సార్ట్ చేస్తారు. అంత శ్రమ అనవసరం. నమ్‌పైలోని ఆర్గ్‌పార్టిషన్ పెద్దవాటిని ఒక పక్కకు చేరుస్తుంది, ఆ పదింటినే క్రమంలో పెట్టుకుంటే చాలు. మ్యాట్‌ల్యాబ్‌లో ఈ పనికి మ్యాక్స్‌కే (maxk) అనే ఫంక్షన్ ఉంది. అయితే స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ పౌనఃపున్యంలో కంపనం ఎంత బలంగా ఉందో చూపే పటంలో, ఈ పదీ తరచుగా ఒకే శిఖరం మీద పక్కపక్కనే ఉంటాయి. పది వేర్వేరు పౌనఃపున్యాలు కావాలనుకున్నవారికి దానివల్ల ఉపయోగం లేదు. అప్పుడు సైపై అనే మరో పైథాన్ లైబ్రరీలో శిఖరాలను వెతికే ఫైండ్_పీక్స్‌కు శిఖరాల మధ్య కనీస దూరం, చుట్టుపక్కలతో పోలిస్తే ఉండాల్సిన ఎత్తు చెప్పాలి. నాకు ఇష్టమైన సాధనం ఇదే.

ఇక నాన్, అంటే సంఖ్య కాని విలువ. మ్యాట్‌ల్యాబ్ మ్యాక్స్ మామూలుగా దాన్ని వదిలేసి మిగతావాటిలో పెద్దదాన్ని ఇస్తుంది. నమ్‌పై మ్యాక్స్ మాత్రం ఒక్క నాన్ కనిపించినా జవాబుగా నాన్‌నే ఇస్తుంది, ఆర్గ్‌మ్యాక్స్ మొదటి నాన్ ఉన్న చోటు చూపిస్తుంది. చాలామందికి ఇది చికాకు. నాకు మాత్రం ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది: డేటా ఎక్కడ తెగిపోయిందో వెంటనే తెలుస్తుంది. కారణం చూశాక, వదిలేయదగ్గదైతే నాన్‌లను పట్టించుకోని నాన్‌మ్యాక్స్ వాడతాను.

కంపనంలో రుణ దిశ కూడా ముఖ్యమే కాబట్టి పరమ విలువల్లోనే (రుణ గుర్తు తీసేసిన విలువల్లోనే) గరిష్ఠం వెతుకుతాం. ఇక్కడ 16 బిట్ల పూర్ణాంకాలతో జాగ్రత్త అవసరం. వాటి పరిధి -32768 నుంచి 32767 వరకే. నమ్‌పైలో -32768కి పరమ విలువ అడిగితే మళ్లీ -32768 వస్తుంది, ఎందుకంటే 32768కి ఆ పరిధిలో చోటు లేదు. దాంతో అన్నిటికన్నా బలమైన కుదుపు అన్నిటికన్నా చిన్న సంఖ్యగా మారి వెతుకులాటలో తప్పిపోతుంది. ముందే ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) మార్చుకోవాలి.

గరిష్ఠం దొరికాక అది ఎన్నిసార్లు వచ్చిందో కూడా చూస్తాను. ఆర్గ్‌మ్యాక్స్ మొదటి స్థానమే చెబుతుంది. 32767 వరుసగా పదే పదే కనిపిస్తే అది సాధారణంగా పరికరం కొలవగల హద్దే, కంపనం దాన్ని ఎంత దాటిందో ఆ ఫైలు చెప్పలేదు. అలాంటి రికార్డింగును పక్కన పెట్టి, పరిధి పెంచి మళ్లీ కొలవమని అడుగుతాను.