డాల్ఫిన్ కిక్‌లో పైకి లేచే సగం

డాల్ఫిన్ కిక్ అంటే నీటి కింద రెండు కాళ్ళూ కలిపి, డాల్ఫిన్ తోకలా పైకీ కిందికీ కొట్టడం. అది ఎలా పడుతోందో తెలియాలంటే పూల్ గట్టు మీద నిలబడి చూస్తే లాభం లేదు. పై నుంచి అందరి కిక్కూ బాగానే కనిపిస్తుంది. నీళ్ళలో పక్క నుంచి కెమెరా పెట్టి, ఆ వీడియోను బాగా నెమ్మదిగా నడిపించాలి. అప్పుడు నేను నేర్పే పిల్లల్లో చాలామందిలో ఒకటే లోపం బయటపడుతుంది. పాదాలు విసురుగా కిందికి వెళ్తాయి, అక్కడ ఓ క్షణం ఆగుతాయి, ఆ తర్వాత మోకాళ్ళు మడుచుకుని తీరిగ్గా పైకి వస్తాయి. అలా వస్తున్నంతసేపూ వేగం పడిపోతూనే ఉంటుంది. మళ్ళీ కిందికి కొట్టినప్పుడు ఆ పోయిన వేగాన్ని తెచ్చుకోవడానికే సగం బలం ఖర్చవుతుంది.

పోటీలకు వెళ్ళే పిల్లలకు ఈత నేర్పడం నా పని. ఈమధ్య నా సమయమంతా ఈ పైకి లేచే సగానికే పోతోంది. కిందికి కొట్టడం ఎవరికీ పెద్దగా నేర్పక్కర్లేదు. బంతిని తన్నేటప్పుడు పనిచేసే తొడ ముందు కండరాలే అక్కడా పనిచేస్తాయి. పైకి లేపాలంటే పిరుదులు, తొడ వెనక కండరాలు, నడుము కింది భాగం కదలాలి. కిందికి వెళ్ళేటప్పుడు మీగాలు నీటిని నెడుతుంది, పైకి లేచేటప్పుడు ఆ పని అరికాలు చేయాలి. మోకాలు ముందే మడిచేస్తే అరికాలికి నీళ్ళు దొరకవు. పైగా తొడ ముందుకు వాలి నీటికి అడ్డం పడుతుంది. కిక్ పెద్దగా కనిపిస్తుంది కానీ మనిషి ముందుకు జరగడు.

నా దగ్గర బ్యాక్‌స్ట్రోక్, అంటే వెల్లకిలా ఈత, ఈదే ఓ అమ్మాయి ఉంది. మంచి బలమైన కాళ్ళు. గోడను తన్నుకుని అందరికంటే ముందు బయల్దేరేది, పది మీటర్లు దాటేసరికి పక్క లేన్ల వాళ్ళు కలిసిపోయేవారు. "సర్, నేను గట్టిగానే కొడుతున్నాను కదా" అనేది. నిజంగానే గట్టిగా కొట్టేది, కాకపోతే ఒకవైపే. బ్యాక్‌స్ట్రోక్‌లో వెల్లకిలా ఉంటారు కాబట్టి ఇదంతా తలకిందులవుతుంది. బలమైన కిక్ నీటి పైభాగం వైపు, బలం లేనిది పూల్ అడుగు వైపు పడుతుంది. ఎవరు ఎటు తిరిగి ఉన్నా బలహీనంగా ఉండేది మాత్రం వెనక వైపు కదలికే.

ఆ అమ్మాయికి వీడియో చూపించడం కంటే ముందు నిలువు కిక్ చేయించాను. లోతు ఉన్న చోట నిటారుగా, చేతులు గుండెల మీద కట్టుకుని, తల నీటి పైన ఉండేలా డాల్ఫిన్ కిక్ కొట్టాలి. ఇందులో దాచుకోవడానికి ఏమీ ఉండదు. ముందుకు కొట్టే కిక్ ఒక్కటే బలంగా ఉంటే శరీరం మెల్లగా వెనక్కి జరిగిపోతుంది. ఆ అమ్మాయి లేన్ మధ్యలో మొదలుపెట్టి, వీపు లేన్ తాడుకు తగిలేదాకా వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి తాడును చూసి, మళ్ళీ మధ్యకు వచ్చి మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడికే చేరింది. ఆ తాడు చెప్పినంత స్పష్టంగా నేను ఎన్ని మాటలైనా చెప్పలేను. "గట్టిగా వద్దమ్మా, మడమలతో నీళ్ళను వెనక్కి తొయ్యి, మోకాలు చివర్లోనే వదులు" అన్నాను. కొన్ని వారాలకు ఉన్నచోటే నిలబడి కిక్ కొట్టడం వచ్చింది. అప్పుడు చేతులు నీటి పైకి ఎత్తించాను, ఆ తర్వాత తల మీదుగా స్ట్రీమ్‌లైన్‌లోకి, అంటే చేతులు తల పైన జోడించి ఒళ్ళంతా బాణంలా చాచే భంగిమలోకి. ఇరవై సెకన్లు కిక్, నలభై సెకన్లు విశ్రాంతి. అంతకంటే ఎక్కువసేపు చేయిస్తే మోకాళ్ళు మళ్ళీ మడతపడతాయి, పాత అలవాటే గట్టిపడుతుంది.

నిలువు కిక్ కుదిరాక పక్కకు తిరిగి కొట్టిస్తాను. ఒక పక్కకు పడుకున్నప్పుడు శరీరం తేలడం వల్ల రెండు సగాల్లో దేనికీ సాయం అందదు, ఏది తక్కువైందో కాళ్ళకే తెలుస్తుంది. పాదాలకు తొడుక్కునే రబ్బరు రెక్కలు, పొట్టి ఫిన్స్, కూడా వాడిస్తాను, అరికాలి కింద నీటి బరువు ఎలా ఉంటుందో వాటితో చప్పున అర్థమవుతుంది. కానీ ప్రాక్టీస్‌లో ఒక విడత మొత్తం ఫిన్స్‌తో చేయించడం నాకు ఇష్టం లేదు. ఫిన్స్ తీసేశాక కిక్ లయ మందగించి ఉంటుంది, దాన్ని మళ్ళీ దారిలో పెట్టడం మరో పని.

కదలిక ఎక్కడ మొదలవ్వాలన్నది పిల్లలు తరచూ అడిగే ప్రశ్న. చేతులు కదలకూడదు, తల కదలకూడదు. పక్కటెముకల కింద చిన్నగా మొదలై, తుంటి దాటి, పాదాల దగ్గరికి వచ్చేసరికి పెద్దదవ్వాలి. తడి తువ్వాలు జాడించినప్పుడు చేతి దగ్గర కదలిక కొంచెమే ఉంటుంది, కొసన చప్పుడు వస్తుంది, అలాగన్నమాట. చేతుల నుంచే అల పుట్టిస్తే ఎదురుగా ఉన్న నీరంతా అడ్డం తగులుతుంది. చీలమండలు బిగుసుకుపోయిన పిల్లలను ప్రాక్టీస్‌కు ముందు మోకాళ్ళ మీద, మీగాళ్ళు నేలకు ఆనేలా కాసేపు కూర్చోబెడతాను. నొప్పి వస్తే లేచిపోవాలి, అందులో బలవంతం పనికిరాదు.

ఇంత శ్రమ దేనికని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో డేవిడ్ బెర్కాఫ్ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ హీట్స్‌లో (ఫైనల్‌కు ముందు జరిగే వడపోత రేసుల్లో) మొదటి లెంగ్త్‌లో, అంటే పూల్ ఈ గోడ నుంచి ఆ గోడకు ఈదే దూరంలో, సగానికి పైగా నీటి కిందే వెళ్ళి 54.51 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఫైనల్లో అతన్ని ఓడించి స్వర్ణం గెలిచిన జపాన్ స్విమ్మర్ డైచి సుజుకి కూడా చాలా దూరం నీటి కిందే వచ్చాడు. ఆ తర్వాతే ప్రపంచ ఈత సమాఖ్య, అప్పటి ఫినా, దీనికి హద్దు పెట్టింది, ముందు 10 మీటర్లు, తర్వాత 15. ఇప్పుడు ఫ్రీస్టైల్, బటర్‌ఫ్లైలో కూడా 15 మీటర్ల గుర్తు దగ్గరికల్లా తల పైకి రావాలి. 25 మీటర్ల పూల్‌లో అది ప్రతి లెంగ్త్‌లో 60 శాతం. అంత దూరాన్ని గాలికొదిలేసి చేతుల మీదే ధ్యాసంతా పెట్టడం నాకు మింగుడుపడదు.

అయితే ప్రతి పిల్లా 15 మీటర్ల దాకా కిందే ఉండాలని పట్టుబట్టడం అన్యాయం. నీటి కింద వేగం, పైన ఈదే వేగం కంటే తగ్గిన చోట పైకి వచ్చేయాలి. ఒక్కొక్కరికి కిక్‌ల సంఖ్య మార్చిమార్చి ఈదించి, గోడ నుంచి 15 మీటర్ల గుర్తుకు తల చేరే సమయం స్టాప్‌వాచ్‌తో చూస్తాను. ఒకడికి నాలుగు కిక్‌లు చాలు, ఇంకొకడికి తొమ్మిదీ లాభమే. గోడను తన్నిన వెంటనే కిక్ మొదలెట్టేవాళ్ళను కూడా ఆపుతాను. ఆ తొలి క్షణంలో ఉన్న వేగం ఏ కిక్‌కూ రాదు, అప్పుడు స్ట్రీమ్‌లైన్ బిగించి జారనివ్వాలి. అదీ పైపైన కాకుండా, కనీసం అర మీటరు లోతులో.

ఊపిరి విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. నీటి కిందికి వెళ్ళే ముందు గబగబా లోతుగా ఊపిరి తీసి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తపన పుట్టించేది ప్రధానంగా అదే. అది తగ్గితే ఆ తపన ఆలస్యమవుతుంది, ఈలోగా ఆక్సిజన్ అయిపోయి ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాళ్ళే ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే నా పూల్‌లో ఎవరు ఎక్కువసేపు కింద ఉంటారన్న పందేలు లేవు, ఒంటరిగా చేయడం లేదు, ఒక్కో విడతకీ మధ్య ఊపిరి పూర్తిగా కుదుటపడేదాకా విశ్రాంతి. మా పిల్లలు వేరే చోట ఈదినా ఇదే పాటిస్తామని నాకు మాట ఇవ్వాలి.

ఆ బ్యాక్‌స్ట్రోక్ అమ్మాయి మొదటి రెండు టర్న్‌లు (గోడ దగ్గర తిరగడాలు) ఇప్పుడు చూడ్డానికి ముచ్చటేస్తాయి. 200 మీటర్ల చివరి టర్న్ దగ్గర మాత్రం పాత కిక్ తిరిగొస్తుంది. అలసటలో ముందు జారిపోయేది ఆ వెనక సగమే. 2007 మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో మైకేల్ ఫెల్ప్స్ 200 ఫ్రీస్టైల్‌ను 1:43.86లో ముగించినప్పుడు చివరి గోడ తర్వాత నీటి కింద అతను ఎంత దూసుకెళ్ళాడో వీడియోలో చూపించాను. కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. ఇప్పుడు ప్రాక్టీస్ చివర్లో, కాళ్ళు బరువెక్కాక, కొన్ని టర్న్‌లు మాత్రమే చేయిస్తున్నాను. గోడ నుంచి అయిదు కిక్‌లు, రెండు వైపులా సమానంగా. ఆరోది కొట్టినా, ఒక్కటి చెడినా అక్కడితో ఆపి, మళ్ళీ గోడ దగ్గర నుంచి.