మా అమ్మాయి చేసే మట్టిపని

సియాటెల్ నుంచి సెలవులకు హైదరాబాద్ వస్తే నల్లకుంటలో చుట్టాలందరూ మా అమ్మాయిని ఒకటే అడుగుతారు: "ఏం నేర్చుకుంటున్నావమ్మా?" కూచిపూడి, కోడింగ్ అంటే సంతోషిస్తారు. ఈసారి తను "అడవిలో దారులు బాగుచేస్తున్నా" అంది. మా పెద్దమ్మ నిజంగానే బాధపడింది. "అంత దూరం వెళ్లి పిల్లతో మట్టిపని చేయిస్తున్నారా?"

అవును, మట్టిపనే. సియాటెల్ దగ్గరి కాస్కేడ్ కొండల్లో చెట్లు కూలి, పొదలు కమ్మి, ఎవరూ నడవక పాడైన కాలిబాటలు ఉన్నాయి. వాషింగ్టన్ ట్రైల్స్ అసోసియేషన్ 1993 నుంచి వాలంటీర్లతో ఇలాంటి దారులు బాగుచేయిస్తోంది. ఒకవైపు గొడ్డలి, రెండోవైపు మట్టి తవ్వే అంచు ఉన్న పులాస్కీతో పని. 1910 నాటి కార్చిచ్చులో తన మనుషుల్లో చాలామందిని కాపాడిన ఫారెస్ట్ రేంజర్ పేరే ఆ పనిముట్టుకు పెట్టారు. రక్షిత అడవుల్లో అయితే 1964 నాటి విల్డర్‌నెస్ చట్టం ప్రకారం మోటారు రంపం వాడకూడదు. అడ్డంగా పడ్డ దుంగకు చెరోవైపు నిలబడి ఇద్దరూ పొడవాటి రంపంతో కోస్తారు. మన వంతుకు లాగాలి, అవతలివాళ్లు లాగేటప్పుడు నెట్టకుండా వదిలేయాలి. పదిహేనేళ్ల పిల్లకు ఆ ఓపిక అలవాటవడం నాకు చాలా ఇష్టం.

కాలేజీ అప్లికేషన్‌కు పనికొస్తుందా అని బాబాయ్ అడిగాడు. వస్తే రానీ. నేను గంటలు లెక్కపెట్టడం లేదు.

నాన్న మాత్రం వేరే ప్రశ్న వేశారు. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. "వాననీళ్లు ఎటు పోతాయి తల్లీ?" అన్నారు. దారిని లోయవైపు కాస్త వాలుగా ఉంచుతామని, అంచున మట్టి పేరుకుంటే నీళ్లు బయటికి పోలేక దారి వెంటే పారి కోసేస్తాయని, ఆ గట్టు చెక్కడమే పెద్ద పని అని అది చెప్పింది. నాన్న పేపరు అంచున బొమ్మ గీశారు. అది దిద్దింది. ఇద్దరూ భోజనానికి పిలిచినా లేవలేదు.

మన సంస్కృతి అంటూ అక్కడ పిల్లలకు పండగలు, పాటలు, వంటలు అందిస్తున్నాం. నీటి వాలు గురించి నాన్నకు తెలిసింది కూడా మనదే. దాన్ని మనవరాలికి అందించే సందర్భం ఇన్నాళ్లకు దొరికింది.

నల్లమల దగ్గరి ఆత్మకూరులో ఉద్యోగం చేసేటప్పుడు నాగలూటి నుంచి పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం నడిచి వెళ్లిన సంగతి నాన్న అప్పుడే చెప్పారు. శ్రీశైలానికి 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడు. ఇప్పటికీ ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల దాటి నడిచే వస్తారు. దారిలో అన్నం పెట్టేవాళ్లు, నీళ్లిచ్చేవాళ్లు ఉంటారని చెబితే, "మరి దారి బాగుచేసేవాళ్లో తాతయ్యా?" అంది.

అది పులుల అభయారణ్యం, పార పట్టుకుని ఎవరంటే వాళ్లు వెళ్లే చోటు కాదు. వచ్చేవారం శ్రీశైలం బయల్దేరుతున్నాం. భీముని కొలను దాకా అనుమతిస్తారేమో అటవీశాఖను అడగాలి. కాకపోతే కైలాసద్వారం దగ్గర మెట్లయినా చూపిస్తానని నాన్న మోకాలికి పట్టీ కొనుక్కొచ్చుకున్నారు.